నాగావళిలో కలిసే ప్రతి కాలవనూ కొలవాలి

(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులూ, పట్టణవాసులూ కలిసిన సభలో ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందుగా మిమ్మల్ని ఒకటి అడుగుతాను. నాగావళి పాడైపోయిందని ఈ ఊళ్లో అననివాళ్లు లేరు. ఎంత పాడైంది? ఏ రేవు దగ్గర? ఏ నెలలో? ఏ కాలవ వల్ల? ఈ నాలుగింటికీ జవాబు తెలిసినవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి.

ఒక్క చెయ్యీ లేవలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్లం, నది ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లం ఉన్నాం. మన నది సంగతి మనకు అంకెల్లో తెలియదు. "కంపు కొడుతోంది, ఎవరూ పట్టించుకోవడం లేదు" అని అర్జీ పెడితే, దాని మీద "పరిశీలిస్తాం" అని రాసి పక్కన పెట్టడం చాలా తేలిక. "ఫలానా కాలవ నుంచి రోజుకి ఇన్ని కిలోల మురికి నదిలో పడుతోంది, మూడు నెలల లెక్క ఇదిగో" అని కాగితం ముందు పెడితే ఆ మాటని దాటెయ్యడం అంత తేలిక కాదు. ఆ కాగితం తయారుచేసుకోవడం ఎలా అన్నదే ఇవాళ నేను చెప్పబోయేది.

నది గురించి రెండు మాటలు. ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా మన వైపు దిగి, సుమారు రెండు వందల యాభై కిలోమీటర్లు నడిచి, కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బలరాముడు నాగలితో చీల్చి తెచ్చిన నది అని మన పెద్దలు చెప్పుకునేవారు. ఆయన ప్రతిష్ఠించాడని చెప్పే అయిదు శివాలయాలూ ఈ నది పొడుగునా ఉన్నాయి. పాయకపాడు, గుంప, సంగాం, మన కోటేశ్వరుడు, చివర కళ్ళేపల్లి. అంటే సముద్రానికి ముందు నది పలకరించే పెద్ద ఊరు మనదే. పైన ఎవరు ఏం కలిపినా మన దాకా వస్తుంది, నిజమే. ఆ పేరు చెప్పి మన కాలవల సంగతి వదిలెయ్యడం మాత్రం నాకు నచ్చదు. రాయగడ దగ్గర ఏం జరుగుతుందో దాని మీద మన చెయ్యి లేదు. మన వీధి చివర కాలవ మీద ఉంది.

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమంతటా కలుషితమైన నదీ భాగాలని 351 గుర్తించింది. అందులో ఆంధ్రప్రదేశ్‌వి అయిదు. గోదావరి, కృష్ణ, తుంగభద్ర, కుందూలతో పాటు మన నాగావళి పేరూ ఉంది. నదుల మీద మండలి పరీక్షా కేంద్రాలు కొన్ని చోట్ల ఉంటాయి. నెలకోసారో మూడు నెలలకోసారో నమూనా తీస్తారు. మొత్తం నది ఆరోగ్యం తెలుసుకోవడానికి అది చాలు. ఏ వీధి కాలవ ఎంత చెడు చేస్తోందో అందులో కనబడదు. ఆ పని ఊరివాళ్లు చెయ్యాలి. ఎందుకంటే కాలవ ఎప్పుడు రంగు మారుతుందో, సెప్టిక్ ట్యాంకు లారీ ఏ రాత్రి ఎక్కడ ఆగుతుందో పక్కింటివాళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. పిల్లలూ, రాసుకోండి. పట్టణంలో మనిషికి రోజుకి 135 లీటర్ల నీరు ఇవ్వాలని ప్రభుత్వ ఇంజనీర్ల ప్రమాణం. వాడిన దాంట్లో ఎనభై శాతం మురుగై బయటికి వస్తుందని లెక్క కడతారు. లక్షమందికి ఎంతయింది? రోజుకి ఒక కోటీ ఎనిమిది లక్షల లీటర్లు. సరే, ఇళ్లలోంచి వచ్చే పచ్చి మురుగులో బీవోడీ అనే కొలత లీటరుకి సుమారు 250 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ నీళ్లలోని కుళ్లుని సూక్ష్మజీవులు తినెయ్యడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పేదే బీవోడీ. మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి కొలుస్తాం. స్నానానికి పనికొచ్చే నీటిలో అది 3 దాటకూడదు.

250ని 3కి దించాలి. నదిలో నీళ్లు ఎంతో శుభ్రంగా ఉండి, బీవోడీ 1 మాత్రమే ఉందనుకుందాం. అప్పుడు కూడా ఒక వంతు మురుగుకి దాదాపు 120 వంతుల నది నీరు కావాలి. లక్షమంది మురుగు ఏ శుద్ధీ లేకుండా కలిస్తే, దాన్ని తట్టుకోవడానికి నదిలో 540 క్యూసెక్కుల దాకా శుభ్రమైన నీరు ఎప్పుడూ పారుతూ ఉండాలన్నమాట. శ్రావణ భాద్రపదాల్లో ఉంటుంది, అంతకంటే ఎన్నో రెట్లు ఉంటుంది. వైశాఖంలో? పైన తోటపల్లి, నారాయణపురం, సువర్ణముఖి మీద మడ్డువలస, అన్నిచోట్లా పొలాలకి నీళ్లు మళ్లాక మన దగ్గర ఇసుక తిన్నెలూ పక్కగా పారే సన్నటి పాయా మిగులుతాయి. కాలవలకి మాత్రం కాలం లేదు. ఎండాకాలంలోనూ మన స్నానాలు, మన వంటలు, మన బట్టల ఉతుకులు అవే. అంతే మురుగు వస్తుంది. అందుకే నది నిజంగా ఎలా ఉందో చూడాలంటే మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా చూడాలి. వరదనీటిని పరీక్షించి బాగుందనడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

చాలా ఇళ్లకి సెప్టిక్ ట్యాంకులున్నాయి కదా, అంత మురుగు రాదుగా అంటారు. కొంత నిజం. బాగా కట్టిన ట్యాంకు మూడో వంతు మురికినో, ఇంకాస్త ఎక్కువో ఆపుతుంది. తర్వాత ఆ నీరు ఇంకుడు గుంతలోకి వెళ్లాలి. మన వీధుల్లో ఎన్ని ట్యాంకుల గొట్టం ఇంకుడు గుంతలోకి వెళ్తోంది, ఎన్నిటిది తిన్నగా కాలవలోకి వెళ్తోంది? మీ ఇంటి వెనక్కి వెళ్లి చూసుకోండి. నేను అడిగిన ఇళ్లలో ఎక్కువమంది, "మేస్త్రీ ఎలా పెట్టాడో మాకు తెలియదు" అన్నారు.

ఇక కొలవడం సంగతి. దీని గురించి కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఓపిక పట్టండి. ఇక్కడే మనం దెబ్బతింటున్నాం.

(బల్ల మీద రెండు గాజు సీసాలు చూపిస్తూ) ఈ రెండూ మూడు వందల మిల్లీలీటర్ల సీసాలు. ఇవాళ తెల్లవారుజామున ఒడ్డు మీదే నింపాను. ఇది ఊరికి పైన పారే నీటి మధ్యలోంచి, ఇది ఒక కాలవ మూతి దగ్గర తీసింది. రెండిట్లోనూ అక్కడికక్కడే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ ద్రావణాలు చెరో రెండు మిల్లీలీటర్లు వేసి, గాలిబుడగ లేకుండా మూత బిగించాను. దీని అడుగున గోధుమరంగు మడ్డి దిగింది, చూడండి. నీటిలో ఆక్సిజన్ ఉందని అర్థం. ఈ రెండో దాంట్లో మడ్డి తెల్లగా ఉంది. తెల్లగా ఉందంటే మంచిదనుకోకండి, అమ్మా. ఆ నీటిలో ఆక్సిజన్ దాదాపు లేదు. అందులో చేపపిల్ల పడితే నిమిషాల్లో ఊపిరాడక తేలిపోతుంది.

ఇది వింక్లర్ అనే హంగరీ రసాయన శాస్త్రజ్ఞుడు 1888లో కనిపెట్టిన పద్ధతి. ఈనాటికీ ఎలక్ట్రానిక్ మీటర్లని సరిచూసుకోవడానికి దీన్నే వాడతారు. తర్వాత ఆమ్లం వేస్తే పసుపు రంగు వస్తుంది. 200 మిల్లీలీటర్ల నమూనా తీసుకుని, 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో, గంజి ద్రావణం చుక్కలు వేసి, నీలం రంగు పోయేదాకా టైట్రేషన్ చేస్తే, అంటే థయోసల్ఫేట్‌ని చుక్క చుక్కగా వేస్తూ పోతే, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో లీటరుకి అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్. బీఎస్సీ పిల్లలు ఎవరైనా చెయ్యగలరు. కాలేజీ ల్యాబులో ఉన్న సరుకే చాలు.

ముప్పై డిగ్రీల వేడిలో మంచినీరు గాలి నుంచి లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకోగలదు. స్నానాల రేవులో కనీసం 5 ఉండాలి, చేపలు బతకాలంటే 4 ఉండాలి. ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది, కొలిచే వేళ. నాచు పట్టిన నీటిలో పగలంతా ఎండకి నాచు ఆక్సిజన్ వదులుతుంది. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి కొలిస్తే 9, 10 కూడా చూపించవచ్చు. రాత్రి అదే నాచు ఆక్సిజన్ తీసుకుంటుంది. సూర్యుడు రాకముందు కొలిస్తే అదే చోట ఒకటో రెండో ఉంటుంది. చెరువుల్లో చేపలు ఎప్పుడూ తెల్లవారుజామునే ఎందుకు చచ్చి తేలతాయో ఇప్పుడు అర్థమైందా? "ఎవరో రాత్రికి రాత్రి విషం కలిపారు" అని గొడవలు పడతారు. ఎన్నోసార్లు విషం ఏమీ ఉండదు. పగలు పదకొండింటికి జీపు దిగి తీసిన నమూనా నీటికి మంచి మార్కులే వేస్తుంది. మనం తీసేది మాత్రం వెలుగు రాకముందే తియ్యాలి. ఒకే చోట, ఒకే వేళకి, నెల నెలా తియ్యాలి.

రెండోది, మలం వల్ల వచ్చే బ్యాక్టీరియా. ఇది కంటికి కనబడదు, వాసన రాదు. 2024 అక్టోబరులో మన పక్కనే విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. చంపావతి ఒడ్డు ఊరు అది. మన జిల్లాకి అది ఎంత దూరం? స్నానాల రేవులో 100 మిల్లీలీటర్ల నీటికి మలం నుంచి వచ్చే కోలిఫాం బ్యాక్టీరియా 500 లోపు ఉండాలి. ఎట్టి పరిస్థితిలోనూ 2500 దాటకూడదు. కార్తీకంలో కోటేశ్వరుడి గుడి దగ్గర తెల్లారగట్ల తలస్నానాలు చేసే అక్కచెల్లెళ్లకి, ఆ నీళ్లే నోట్లో పోసుకుని పుక్కిలించే పెద్దలకి, ఆ రోజు ఆ రేవులో అంకె ఎంతుందో తెలుసుకునే హక్కు లేదా? రేవు పక్కన బోర్డు మీద సుద్దతో రాసి పెడితే ఎంత ఖర్చవుతుంది?

ఇంటి దగ్గర చెయ్యగల పరీక్ష ఒకటి ఉంది. గ్వాలియర్ రక్షణ ప్రయోగశాలలో పనిచేసిన మంజా, మౌర్య, రావు అనే ముగ్గురు మన శాస్త్రవేత్తలు 1982లో ప్రకటించారు. చిన్న సీసాలో మందు పట్టించిన కాగితం ముక్క ఉంటుంది. నీళ్లు పోసి మూత పెట్టి ముప్పై, ముప్పై ఏడు డిగ్రీల మధ్య ఉంచితే చాలు. మన ఊళ్లో దానికి వేడిగా ఉంచే పెట్టె అక్కర్లేదు, గది మూల చాలు. మలం కలిసిన నీరైతే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. ఎంత ఉందో చెప్పదు, ఉందో లేదో చెప్తుంది. ప్రపంచంలో చాలా దేశాలు వాడుతున్న పరీక్ష ఇది. ఆ సీసా మన ఊరి మందుల షాపులో అడిగితే వింతగా చూస్తారు. నాకు అది బాధగా ఉంటుంది.

మరి మన దగ్గర అందరూ వాడేది ఏమిటి? టీడీఎస్ మీటరు. ఫిల్టరు అమ్మేవాళ్లు ఇంటికొచ్చి నీళ్లలో ముంచి అంకె చూపిస్తారు. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో దాని అంకె చెప్తుంది. బ్యాక్టీరియా గురించి దానికి ఏమీ తెలియదు. టీడీఎస్ వంద ఉన్న నీళ్లు తాగి కూడా వాంతులు, విరేచనాలు కావచ్చు. అయితే కాలవ దగ్గర అదే మీటరు మనకి పనికొస్తుంది. మురుగులో లవణాలు ఎక్కువ. నది వెంట నడుస్తూ పది మీటర్లకోసారి ముంచితే, అంకె ఒక్కసారిగా ఎగిరిన చోట దొంగ గొట్టం ఏదో కలుస్తోందని పట్టుకోవచ్చు.

మీటర్లు లేనివాళ్లు పురుగుల్ని చూడండి. గెడ్డలో, అంటే వాగులో, రాళ్లు తిరగేస్తే కింద తూనీగ పిల్లలు, మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలు ఉన్నాయంటే నీళ్లకి ప్రాణం ఉన్నట్టే. ఎర్రగా వానపాముల్లా మెలికలు తిరిగే దోమజాతి పిల్లపురుగులే గుంపులుగా ఉన్నాయంటే అక్కడ ఆక్సిజన్ అడుగంటింది. వాటి ఎరుపు మన రక్తంలో ఉండే హీమోగ్లోబిన్ వల్లే. ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్‌ని పట్టుకోవడానికి అవి అలా తయారయ్యాయి. సీసాలో నీరు ఆ క్షణం సంగతి చెప్తుంది. రాళ్ల కింద పురుగు కొన్ని వారాల సంగతి చెప్తుంది. రాత్రిపూట దొంగచాటుగా ఏదైనా వదిలి, పొద్దున్నకి కాలవ కడిగేసినా, ఆ పురుగుల దగ్గర దాగదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఏ కాలవని ముందు బాగుచెయ్యాలి? బాగా కంపుకొట్టేదాన్ని అంటాం మనం. అది తప్పు కావచ్చు. ఒక చిన్న కాలవ ఉంది, సెకనుకి రెండు లీటర్లు, బీవోడీ 300. ముక్కు మూసుకోవాలి. ఇంకొకటి పెద్ద కాలవ, సెకనుకి నలభై లీటర్లు, బీవోడీ 60. చూడ్డానికి పర్వాలేదనిపిస్తుంది. గుణించండి. మొదటిది రోజుకి సుమారు 52 కిలోలు. రెండోది 207 కిలోలు. నదికి నాలుగు రెట్లు చేటు చేసేది మనం పట్టించుకోని ఆ పెద్ద కాలవే. అందుకే మురికితో పాటు ప్రవాహం కూడా కొలవాలి. కొబ్బరి చిప్పో, ఎండు కొమ్మో వేసి, పది మీటర్లు ఎన్ని సెకన్లలో దాటిందో చూసి, కాలవ వెడల్పు, లోతు కొలిచి గుణించండి. పైనీరు అడుగునీటి కంటే వేగంగా పోతుంది కాబట్టి వచ్చినదాన్ని ఎనభై, ఎనభై అయిదు శాతానికి తగ్గించండి. పదో తరగతి పిల్లల లెక్క ఇది. ఊరికి పైన ఒక చోట, ప్రతి కాలవ మూతి దగ్గర ఒక చోట, ఊరు దాటాక ఒక చోట. ఏ పేట కాలవ ఎంత మోస్తోందో పట్టిక తయారవుతుంది.

పట్టిక వచ్చాక ఏం చేస్తాం? నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడ ఒకటుంది. ఒడ్డుకి రాళ్లు పరిచి, రెయిలింగు కట్టి, రంగు దీపాలు పెడితే నీరు బాగుపడదు. గుర్రపుడెక్క తీయించి ఫొటోలు దిగితే బాగుపడదు. ఆ మొక్క మురుగులోని నత్రజని, ఫాస్ఫరస్ తిని పెరుగుతుంది. మేత ఆగనంత కాలం, రెండు వారాల్లో రెట్టింపవుతుంది. డబ్బు ముందు నీటి మీద పెట్టాలి, ఒడ్డు మీద తర్వాత.

పంజాబులో కాలీ బెయిన్ అని 160 కిలోమీటర్ల చిన్న నది ఉంది. గురునానక్‌కి జ్ఞానోదయమైన నది అని సిక్కులు కొలుస్తారు. ఊళ్ల మురుగుతో, గుర్రపుడెక్కతో పూడిపోయింది. 2000లో బల్బీర్ సింగ్ సీచేవాల్ అనే సాధువు జనంతో కలిసి దిగారు. మొక్కలు తీసి ఊరుకోలేదు. ఊళ్ల మురుగుని నదిలోకి రాకుండా ఆపి, చెరువుల్లో నిలవబెట్టి, శుద్ధయిన నీటిని పొలాలకి మళ్లించారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. అలాంటి పల్లపు గుంటలు మన కాలవల దారిలోనూ ఉండేవి. జమ్ము, తుంగ పెరిగి, నీరు ఆగి ఆగి వడకట్టుకుని నదికి చేరేది. వాటిని పూడ్చి ప్లాట్లు వేశాం. మిగిలిన వాటినైనా కాపాడుకుంటే పెద్ద యంత్రాలు లేకుండానే సగం పని అవుతుంది. పెద్ద కాలవలకి మాత్రం శుద్ధి కేంద్రం తప్పదు. హోటళ్ల జిడ్డు, మాంసం దుకాణాల రక్తం, బండ్లు కడిగే షెడ్ల ఆయిలు, వీటిని అక్కడికక్కడే ఆపాలి. కాలవ మూతి దాకా రానివ్వకూడదు.

ఇంకొకటి మరిచిపోకండి. మనం తాగే నీరు కూడా ఎక్కువగా ఈ నది ఇసుక కింది ఊటబావుల్లోంచి వచ్చేదే. ఎండాకాలం చెలమ తవ్వి కడవలు నింపుకున్న ఆడవాళ్లకి ఇసుక విలువ తెలుసు. ఆ ఇసుకే మన ఫిల్టరు. పైన మురుగు నిలవబెట్టి, కింద ఇసుక తవ్వుకుపోతే, రెండు వైపులా మనమే తెగ్గోసుకుంటున్నాం.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: మాస్టారూ, మన లెక్కల్ని అధికారులు ఒప్పుకుంటారా?)

కోర్టులో సాక్ష్యంగా నిలబడాలంటే 1974 జల కాలుష్య చట్టం ప్రకారం మండలి అధికారులే పద్ధతిగా నమూనా తియ్యాలి, బాబూ. మనది అక్కడికి దారి చూపించే లెక్క. ఎక్కడికి రావాలో, ఏ వేళకి రావాలో వాళ్లకి చెప్తుంది. మూడు నెలలకోసారి ఒకే సీసా నీటిని రెండు భాగాలు చేసి, ఒకటి గుర్తింపు పొందిన ల్యాబుకి పంపండి. రెండు అంకెలూ దగ్గరగా వస్తే మీ మిగతా అంకెలకి కూడా విలువ వస్తుంది. తేడా వస్తే దాచకండి, ఎక్కడ తేడా వచ్చిందో వెతకండి.

(ఒక మహిళ: మా ఇల్లు కాలవ పక్కనే అండి. బోరు నీళ్లు వాడుకోవచ్చా?)

ముందు ఆ నల్లబడే సీసా పరీక్ష చెయ్యి, తల్లీ. నల్లబడితే కాచి చల్లార్చనిదే తాగొద్దు, పిల్లల పాలసీసాలు కూడా ఆ నీళ్లతో కడగొద్దు. నల్లబడకపోయినా నైట్రేట్ ఒకసారి చూపించు. తాగే నీటిలో అది లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. సెప్టిక్ ట్యాంకు ఊటలు బోరుకి చేరుతున్నాయని చెప్పే గుర్తు అది. కాస్తే బ్యాక్టీరియా చస్తుంది కానీ నైట్రేట్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. చంటిపిల్లలున్న ఇంట్లో ఇది చాలా ముఖ్యం. సీసాలు ఆ చివరి బల్ల మీద ఉన్నాయి. వెళ్లేటప్పుడు రెండు తీసుకెళ్లు, ఒకటి నీకు, ఒకటి మీ పక్కింటివాళ్లకి. మూత మీద తేదీ, వీధి పేరు రాసి, రెండో రోజు సాయంత్రం రంగు చూసి ఈ పిల్లలకి చెప్పు, పట్టికలో ఎక్కిస్తారు.